సముద్రం ఒడ్డున పాత కస్టమ్స్ ఆఫీసు, మా మాజీ సైనికుల సంఘం: నా అనుభవం

సముద్రానికి ఆనుకుని ఉన్న పాత రాతి కట్టడాన్ని బాగుచేసుకుని అందులో సంఘం ఆఫీసు పెట్టుకోవాలనుకునేవాళ్లు, ముఖ్యంగా మాలాంటి మాజీ సైనికుల సంఘాలవాళ్లు, పని మొదలుపెట్టకముందే చదివితే బావుంటుందని ఇదంతా రాస్తున్నాను. నేను నేవీలో ఇంజిన్ రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఉప్పు గాలి ఇనుముని ఎలా తినేస్తుందో ఉద్యోగం ఉన్నన్నాళ్లూ చూశాను. గోడని ఎలా తింటుందో మాత్రం ఈ పనిలోకి దిగాకే తెలిసింది.

మాకు దొరికింది ఒకప్పటి కస్టమ్స్ ఆఫీసు. కింద సరుకు దించే పెద్ద హాలు, పైన గుమాస్తాల గదులు, రేవు వైపు వరసగా కిటికీలు. చాలాకాలం తాళం వేసి ఉంది. లీజు సంగతి ఎక్కువ రాయను, ఎక్కడి పద్ధతులు అక్కడివి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: పైకప్పు, బయటి గోడలు, నీళ్లు పోయే దారులు, ఈ మూడింటి రిపేరు ఎవరి బాధ్యతో కాగితం మీద స్పష్టంగా లేకుండా సంతకం పెట్టకండి. లీజు గడువు కూడా పొడవుగా ఉండాలి, ఎందుకంటే ఇలాంటి గోడ పూర్తిగా ఆరడానికే ఏళ్లు పడుతుంది, ఆరేసరికి ఖాళీ చేయమంటే పడ్డ కష్టమంతా వృథా.

తాళాలు చేతికి రాగానే అందరికీ ఒకటే తొందర. రంగులు వేసేద్దాం, ఫాల్స్ సీలింగ్ పెట్టేద్దాం, ప్రారంభోత్సవం పెట్టుకుందాం అని. మా అదృష్టం కొద్దీ పాత కట్టడాల పని తెలిసిన ఇంజనీరు ఒకావిడ మాకు సలహాకి ఒప్పుకున్నారు. ఆవిడ మొదటి మాటే, "ఈ వానాకాలం అంతా దేన్నీ ముట్టుకోకండి సార్, ఊరికే చూడండి. నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఎక్కడికి పోతున్నాయో రాసిపెట్టండి" అన్నారు.

ఆ పని మావాళ్లకి సరిగ్గా సరిపోయింది. జీవితమంతా డ్యూటీ రోస్టర్ మీద బతికినవాళ్లం, వాన పడ్డప్పుడల్లా ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని లోపలా బయటా తిరిగి, గాలి ఎటు నుంచి కొడుతోంది, ఏ గోడ మీద తడి ఎంత ఎత్తుకి ఎక్కింది, ఏ మూల కారుతోంది అన్నీ రిజిస్టర్లో రాశారు. సీజన్ అయ్యేసరికి ఆ రిజిస్టర్ ఏ రిపోర్టుకీ తీసిపోకుండా తయారైంది. దాన్ని చూస్తే మూడు విషయాలు కొట్టొచ్చినట్టు కనిపించాయి. వాన నీటి గొట్టం ఒకటి మధ్యలో పూడుకుపోయి నీళ్లన్నీ గోడలోకే దిగుతున్నాయి. బయట రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ నేల లోపలి గచ్చు కంటే పైకి వచ్చేసింది, అంటే పునాది పక్కనే నీళ్లు నిలుస్తున్నాయి. మూడోదే అన్నిటికంటే పెద్దది, ఎప్పుడో ఎవరో కింది హాలు గోడలకి చేయించిన సిమెంటు ప్లాస్టరింగు.

ఆ సిమెంటు ఎందుకు తప్పో కాస్త వివరంగా చెప్పాలి. పాత గోడ రాయీ ఇటుకా సున్నంతో కట్టింది. నేలలోంచి, వానలోంచి చెమ్మ ఎంతో కొంత ఎక్కుతూనే ఉంటుంది, సున్నపు పూతకి సన్నటి రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఆ చెమ్మ పూతలోంచి బయటికొచ్చి గాలికి ఆరిపోతుంది. సముద్రం పక్కన ఆ చెమ్మలో ఉప్పు కరిగి ఉంటుంది, నీరు ఆరిన చోట ఉప్పు మిగులుతుంది. పూత మీద మిగిలితే పూత పాడవుతుంది, కొన్నేళ్లకి గీకి మళ్లీ వేసుకుంటాం, గోడకి ఏమీ కాదు. సిమెంటు పూత వేస్తే నీరు బయటికి రాలేక సిమెంటు వెనకే ఆగి, ఉప్పు ఇటుక లోపలే గడ్డకడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తేమని పీల్చుకుని కరుగుతుంది, అంతకంటే తగ్గితే మళ్లీ స్ఫటికం అవుతుంది. సముద్రం ఒడ్డున తేమ పగలూ రాత్రీ ఆ గీతకి అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. స్ఫటికం అయిన ప్రతిసారీ ఆ రంధ్రాల గోడల్ని లోపల్నుంచి నెడుతుంది. ఇటుక పొడి అయ్యేదాకా ఇదే తంతు.

ప్లాస్టరింగు తీసిన రోజు ఇదంతా కళ్లారా చూశాం. మేస్త్రి గారు తాపీ వెనక భాగంతో గోడని తడుతూ పోతుంటే చాలాచోట్ల డొల్ల శబ్దం వచ్చింది. అంచు దొరికినచోట ఉలి పెట్టి ఊపితే సిమెంటు పెద్ద పెద్ద పలకలుగా ఊడిపడింది, బయటి వైపు చూస్తే చెక్కుచెదరలేదు. దాని వెనక ఇటుకలు వేలితో రుద్దితే ఎర్రటి పొడి రాలాయి, ఆ పొడిలో తెల్లగా మెరిసే సన్నటి ఉప్పు సూదులు కూడా కనిపించాయి. మా సంఘంలో పెద్దాయన ఒకరు ఆర్మీలో ఇంజనీర్ల దళంలో వంతెనలు కట్టినాయన, అరచేతిలో ఆ పొడి పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బయట నుంచి చూస్తే ఎంత బావుందండీ ఈ గోడ" అన్నారు.

అప్పటిదాకా సిమెంటే బలం అని వాదించిన మిత్రుడితో మాట్లాడుతూ ఇంజనీరు గారు ఒక పాత కథ చెప్పారు. ఇంగ్లండు తీరంలో ఎడ్డిస్టోన్ బండల మీద లైట్‌హౌస్ కట్టే పని 1756లో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు మొదలుపెట్టాడు. అలలు నిత్యం తడిపేచోట ఏ సున్నం గట్టిపడుతుందా అని రకరకాల సున్నపురాళ్లు పరీక్షించి, బంకమట్టి కలిసిన సున్నపురాయి నుంచి వచ్చే సున్నం నీళ్లలో కూడా గట్టిపడుతుందని తేల్చాడు. 1759లో దీపం వెలిగింది. జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ తీసుకున్నది 1824లో, అంటే ఆ లైట్‌హౌస్ కట్టింది ఆ సిమెంటు రాకముందే, సున్నంతో. ఆ లైట్‌హౌస్‌ని తర్వాత విప్పాల్సి వచ్చింది నిజమే, కానీ దానికి కారణం కింద ఉన్న బండ కోసుకుపోవడం. కట్టు గట్టిగానే ఉంది కాబట్టి పై భాగాన్ని ప్లిమత్ ఊళ్లో మళ్లీ నిలబెట్టారు, ఇప్పటికీ ఉంది. సున్నం నాసిరకం అనే భయం ఉన్నవాళ్లకి నేనూ ఇదే చెబుతున్నాను.

సిమెంటు తీసేసినంత మాత్రాన గోడ బాగవదు, లోపల చేరిన ఉప్పుని బయటికి లాగాలి. తెల్ల బంకమట్టి, నానబెట్టి నలిపిన కాగితం గుజ్జు, ఉప్పు లేకుండా బాగా కడిగిన ఇసుక కలిపి, డిస్టిల్డ్ వాటర్‌తో ముద్దలా చేసి గోడకి పట్టు వేస్తాం. పట్టులోని తడి గోడలోకి వెళ్లి ఉప్పుని కరిగిస్తుంది, పట్టు ఆరుతున్నకొద్దీ ఆ ఉప్పు పట్టులోకి వచ్చేస్తుంది. ఎండాక ఒలిచి పారేసి మళ్లీ కొత్తది. ఒలిచిన ముక్కని తూచి, కొలిచిన నీళ్లలో కలిపి, నీళ్ల ఫిల్టర్లు బిగించేవాళ్ల దగ్గర ఉండే టీడీఎస్ మీటరుతో, అంటే నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చూపే మీటరుతో చూసేవాళ్లం. మొదటి పట్టుకీ తర్వాతవాటికీ అంకె తగ్గుతూ వస్తుంటే మాకు పెద్ద ఉత్సాహం. సిగ్నల్స్‌లో పనిచేసిన మిత్రుడు ఒకాయన అంకెలన్నీ గోడలవారీగా గ్రాఫ్ గీసి తలుపు మీద అంటించాడు. బయట కూడా పని ఉంది: పునాది చుట్టూ నేల తవ్వి తగ్గించడం, కంకర నింపిన కాలువ తీయడం, గొట్టాలు మార్చడం. ఇవి చేయకుండా గోడకి ఎన్ని పట్లు వేసినా ఉపయోగం ఉండదు.

ఇనుము విషయంలో నా మాట చెల్లింది. పాత రోజుల్లో రాళ్లు కదలకుండా లోపల ఇనుప పట్టీలు వేసేవారు. ఇనుము తుప్పు పడితే దాని పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ ఒత్తిడికి రాళ్ల మూలలు పగిలి ఊడిపోయాయి. వాటిని తీసి స్టెయిన్‌లెస్ స్టీలు వేయించాం, అందులోనూ 316 గ్రేడు. దాంట్లో రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పు గాలికి మామూలు 304 కంటే బాగా తట్టుకుంటుంది. కిటికీల పాత ఇనుప చువ్వలకి అందంగా ఉంటాయని రాగి బిగింపులు పెడదామని ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఉప్పు తడిలో రాగీ ఇనుమూ తగిలి ఉంటే ఇనుము కరిగిపోతుంది, ఇది నేవీవాళ్లకి ఎప్పటి నుంచో తెలిసిన పాఠం. 1761లో బ్రిటిష్ యుద్ధనౌక అలారమ్ చెక్క అడుగుకి పురుగు పట్టకుండా రాగి రేకు తొడిగారు. రెండేళ్ల తర్వాత తీసి చూస్తే ఇనుప మేకులు చాలావరకు తినేసి ఉన్నాయి. రేకు చుట్టి తెచ్చిన కాగితం చింపకుండా వదిలేసినచోట మాత్రం మేకులు బావున్నాయి. రెండు లోహాలూ తగలకుండా మధ్యలో ఏదో ఒకటి అడ్డం ఉండాలని అప్పుడే తేలిపోయింది. మేమూ ఎక్కడ రెండు లోహాలు కలవాల్సి వచ్చినా మధ్యన నైలాన్ వాషర్ వేశాం.

సున్నపు పూత మాత్రం ఓపిక ఉన్నవాళ్లు చేసే పని. సున్నపురాయిని తొమ్మిది వందల డిగ్రీల దాకా కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోతుంది. నీళ్లు పోస్తే ఉడికి సున్నం అవుతుంది. గోడ మీద వేశాక గాలిలోంచి అదే వాయువుని నెమ్మదిగా తీసుకుని మళ్లీ రాయి అవుతుంది. నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, సముద్రపు ఇసుక మాత్రం వద్దు. ఒక్కో పూత సెంటీమీటరుకి మించకూడదు. ఎండ తగలకుండా తడి గోనె పట్టాలు వేలాడదీసి ఉంచాలి, త్వరగా ఎండితే పైకి గట్టిపడ్డట్టు కనిపిస్తుంది గానీ లోపల సున్నం సున్నంలాగే ఉండిపోయి పొడి రాలుతుంది. మేస్త్రి గారు రోజూ పొద్దున్నే వచ్చి పూత మీద బొటనవేలి గోరు ఆనించి చూసేవారు. గోటి గాటు పడితే, "ఇంకా కాలేదు సార్" అని వేరే పనికి వెళ్లిపోయేవారు, ఎంత బతిమాలినా రెండో పూత వేసేవారు కాదు. ఒకసారి ఇంజనీరు గారు నమూనా ముక్క విరిచి దాని మీద, సున్నం తగిలితే గులాబీ రంగుకి తిరిగే ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లి చూపించారు. లోపలంతా ముదురు గులాబీ రంగుకి తిరిగింది, బయట అంచున సన్నటి గీత మాత్రమే రంగు మారకుండా ఉంది. ఆ గీత మేరకే రాయి అయినట్టు, గులాబీ ఉన్నంతా ఇంకా సున్నమేనట. అది చూశాక ఆలస్యం గురించి అడగడం మానేశారు అందరూ.

నాకు ఇష్టమైన సంగతి ఇంకొకటి ఉంది. మీటింగులకి ఎన్నిసార్లు పిలిచినా రాని ఒకాయన, పదాతిదళంలో చేసి వచ్చినాయన, ఇసుక జల్లెడ పట్టడానికి మాత్రం రోజూ వచ్చేవాడు. ఎవరితోనూ మాట్లాడకుండా జల్లెడ పట్టి వెళ్లిపోయేవాడు. కొన్నాళ్లకి పరంజా మీద మేస్త్రి గారికి అందించే పనికి ఎక్కాడు, ఇంకొన్నాళ్లకి ఆయన దగ్గర తాపీ పట్టడం నేర్చుకున్నాడు. మేం ఎవరం ఏమీ అడగలేదు. ఒకరోజు మధ్యాహ్నం తనంతట తనే నిద్ర పట్టడం లేదని, డాక్టరు దగ్గరికి ఎవరైనా తోడొస్తే బావుంటుందని అన్నాడు. మాలో ఒకరు వెంట వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో డాక్టర్ చార్లెస్ మైయర్స్ షెల్ షాక్ గురించి, అంటే యుద్ధం వల్ల సైనికుల మనసుకి తగిలే దెబ్బ గురించి వైద్య పత్రికలో రాశాడు. అలాంటి బాధ పీటీఎస్‌డీ అనే పేరుతో అమెరికా మానసిక వైద్యుల అధికారిక జబ్బుల జాబితాలోకి ఎక్కింది 1980లో. మధ్యలో 65 ఏళ్లు. ఇప్పటికీ మావాళ్లలో చాలామంది దాన్ని జబ్బు అనుకోరు, బలహీనత అనుకుని దాచుకుంటారు. అందుకని లోపలి ఏర్పాట్లన్నీ వీళ్లని దృష్టిలో పెట్టుకునే చేయాలని పట్టుబట్టాం.

ఇక్కడే మాలో మాకు గట్టి వాదనలు జరిగాయి. పాతదనం పోకూడదు అనేవాళ్లు కొందరు, మనుషులకి వీలుగా ఉండాలి అనేవాళ్లు కొందరు. పాత కట్టడాల రక్షణకి వివిధ దేశాల నిపుణులు రాసుకున్న 1964 వెనిస్ చార్టర్‌లో దీనికి చక్కటి దారి ఉంది. పాత కట్టడాన్ని సమాజానికి పనికొచ్చే దానికి వాడుకోవడం దాని రక్షణకే మంచిది, అయితే దాని అమరికనీ అలంకారాన్నీ మార్చకూడదు అంటుంది. ఇంకోచోట, ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలి అంటుంది. మా ద్వారం పైన ఒకప్పుడు ఏదో చిహ్నం ఉండేది, రాయిలో గుంట మాత్రం మిగిలింది. ఫొటో గానీ బొమ్మ గానీ దొరకలేదు. మన సంఘం గుర్తు పెడదాం అన్నారు. పెట్టలేదు, గుంట అలాగే ఉంది. అది సరైన నిర్ణయమే అని ఇప్పటికీ నా అభిప్రాయం.

మెట్ల దగ్గర ర్యాంప్ కావాలి. వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లు, కృత్రిమ కాలుతో నడిచేవాళ్లు మా సంఘంలోనే ఉన్నారు. పన్నెండు అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు అనేది చాలాచోట్ల వాడే లెక్క. మా మెట్లు అడుగున్నర ఎత్తు, అంటే పద్దెనిమిది అడుగుల ర్యాంప్. రాతిలో ఒక్క మేకు కూడా కొట్టకుండా, తన కాళ్ల మీద తను నిలబడేలా చెక్కతో చేయించాం, రేపు ఎవరికైనా వద్దనిపిస్తే విప్పేయొచ్చు.

చెవుల సమస్య నేను అనుకున్న దానికంటే పెద్దది. ఫిరంగుల దగ్గర, ఇంజిన్ల దగ్గర పనిచేసినవాళ్లకి వినికిడి తగ్గడం, చెవుల్లో హోరు మామూలు, నాకూ ఉంది. రాతి హాల్లో మాట గోడలకి తగిలి తిరిగొస్తుంటే హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నవాళ్లకి ఒక్క ముక్క అర్థం కాదు. ఫాల్స్ సీలింగ్ వేస్తే పాత దూలాలు కనబడవు, వాటికి గాలి ఆడదు, చెమ్మ పడితే మనకి తెలియదు. అందుకని దూలాల మధ్య ఉన్ని పలకలు వేలాడదీశాం, కిటికీలకి మందపాటి తెరలు వేశాం, హియరింగ్ ఎయిడ్‌లోకి మైకు మాట నేరుగా వెళ్లే లూప్ వైరు నేల అంచు వెంట తిప్పాం. తేడా మొదటి మీటింగులోనే తెలిసింది, ఎప్పుడూ వెనక కూర్చుని తల ఊపే ఇద్దరు పెద్దవాళ్లు లేచి ప్రశ్నలు అడిగారు.

కుర్చీల సంగతి బయటివాళ్లకి చిన్నదిగా అనిపించొచ్చు. మాలో చాలామంది వీపు గోడ వైపు ఉంచి, తలుపు కనబడేలా తప్ప కూర్చోలేరు. వరసగా వేసిన కుర్చీల్లో ముందు ఎవరూ కూర్చోరు, నిలబడి వెళ్లిపోతారు. కాబట్టి గోడల వెంట చుట్టూ బల్లలు వేశాం, ఎక్కడ కూర్చున్నా బయటికి పోయే దారులు రెండూ కనిపిస్తాయి. పెద్ద తలుపు గాలికి ధడేల్మని కొట్టుకోకుండా డోర్ క్లోజర్ బిగించాం. ఫైర్ అలారం పరీక్ష ఎప్పుడో ముందురోజే బోర్డు మీద రాస్తాం, ఆ టైముకి రావద్దనుకున్నవాళ్లు రారు.

పాత బిల్డింగు మీద ఇంత శ్రమ ఎందుకు, ఆ డబ్బుతో మనుషులకి సాయం చేయొచ్చుగా అని అడిగినవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. థేమ్స్ నది ఒడ్డున గ్రీనిచ్‌లో 1694లో నావికుల కోసం స్థాపించిన ఆసుపత్రి గురించి నేవీవాళ్లు చాలామంది వినే ఉంటారు. అంత గొప్ప కట్టడాలు అరుదు. అయినా 1778లో అక్కడి లెఫ్టినెంట్ గవర్నరు థామస్ బెయిలీ, లోపల ఉన్న నావికుల తిండిలో, బట్టల్లో జరిగే అక్రమాలని బయటపెట్టి పదవి పోగొట్టుకున్నాడు. కట్టడం మెరిసిపోతూ లోపలి మనుషులని పట్టించుకోకుండా పోతామేమో అన్న భయం నాకూ ఉండేది. అందుకే పై అంతస్తులో మొదట తయారైన గది మీటింగు హాలు కాకుండా సాయం గది అయ్యేలా చూశాం. పింఛను కాగితాల కోసం వచ్చే సైనికుల భార్యలు నలుగురి ముందు చెప్పుకోలేని విషయాలు ఉంటాయి, తలుపు వేసుకుని ఒకరితో కూర్చుని మాట్లాడే చోటు వాళ్లకి కావాలి. డిశ్చార్జి పత్రాలు, సర్వీసు రికార్డుల కాపీలు కూడా అక్కడే, బయటి గోడకి ఆనకుండా లోపలి గోడ దగ్గర, నేల నుంచి ఎత్తులో ఉన్న ర్యాకుల్లో పెట్టాం.

ప్లాస్టిక్ పెయింటు ఎక్కడా వాడలేదు, లోపలా బయటా వెల్లే. పలచగా, ఒకదాని మీద ఒకటి, ఐదు పూతలు. తడిగా ఉన్నప్పుడు ఏమీ వేయనట్టే ఉంటుంది, ఆరాక తెలుపు తేలుతుంది, కాబట్టి కనబడట్లేదని చిక్కగా కలిపితే పెచ్చులు లేస్తుంది. సముద్రం వైపు గోడకి తరచుగా మళ్లీ వేయాల్సిందే, దానికి సంఘం ఖాతాలో విడిగా డబ్బు తీసిపెడుతున్నాం. మీరూ మొదటి రోజు నుంచే తీసిపెట్టండి, విరాళాలు ఇచ్చేవాళ్లు ప్రారంభోత్సవానికి ఇస్తారు గానీ గొట్టాలు శుభ్రం చేయడానికి ఇవ్వరు.

ఇప్పుడు వానలకి ముందు, తర్వాత మా రోస్టర్ మళ్లీ నడుస్తుంది. గొట్టాల్లో చెత్త తీయడం, కాలువలో నీళ్లు పోసి చూడడం, గోడల మీద తడి ఎత్తు రాయడం. తాపీ నేర్చుకున్న ఆయనే చిన్న చిన్న అతుకులు వేస్తున్నాడు. ఉత్తరం మూల గదిలో గోడ ఇంకా ఉప్పు పూస్తూనే ఉంది. అక్కడ లైబ్రరీ పెట్టాలని అందరికీ ఆత్రంగా ఉంది, కానీ మీటరు అంకె ఇంకా దిగలేదు. వచ్చే వానలు అయ్యాక మరోసారి పట్టు వేసి, అంకె దిగితేనే పూత. అప్పటిదాకా పుస్తకాలు పెట్టెల్లోనే, సాయం గది పక్కన ఉంటాయి.